దరువు పలికే మిషను

మేం మాదిగోళ్లం. మా తాత ఊరికి డప్పు కొట్టిండు. మా నాయిన ఇరవై ఆరేండ్లు వచ్చేదాకా ఊరికి డప్పు కొట్టి, ఆ తర్వాత ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్ పట్టిండు. నేను పంతులమ్మను. ఈ నాలుగు మాటలు బయటి మనిషి ముందు తలెత్తి చెప్పడానికి నాకు ముప్పై రెండేండ్లు పట్టింది. ఎక్కడ నోరు పెగల్లేదో, ఎక్కడ పెగిలిందో చెప్పాలంటే మా ఇంటికి సీడీ ప్లేయరు కొన్న సంగతి చెప్పాలె.

మా ఊరు ఇల్లందు అవతల, అడివి అంచున. ఊర్లో పెండ్లయినా, పీనుగ లేచినా, జాతరైనా, చాటింపైనా మా తాత డప్పు లేకుండ జరగదు. డప్పు మోగినంతసేపే ఆయన ఊరి నడుమ ఉండాలె. మోత ఆగంగనే చెప్పులు చేతుల పట్టుకొని వాడకు మళ్లాలె. కూలి పైసలంటూ లేవు. కళ్లం కాడ గింజలు, పెండ్లిలో మిగిలిన కూడు, పీనుగ మీద చల్లిన చిల్లరలో ఏరుకున్నంత. వెట్టి అనే మాట మా తాత నోట ఎన్నడూ రాలేదు. ఆయన దాన్ని 'మన వంతు' అనేటోడు.

ఆ వంతు తప్పించుకోవడానికి మావోళ్లకు దొరికిన తొవ్వ బొగ్గుబాయి ఒక్కటే. 1871లో విలియం కింగ్ అనే తెల్లాయన మా దిక్కు బొగ్గు జాడ పట్టిండని, 1889లో ఇల్లందు కాడ తవ్వకం మొదలైందని పుస్తకాల్లో ఉంటది. అక్కడి సింగరేణి ఊరి పేరే కంపెనీకి వచ్చింది. హెడ్డాఫీసు కొత్తగూడెం అయింది. మా నాయిన 1968లో ఒక రాత్రి ఊరు విడిచి కొత్తగూడెం చేరిండు. బదిలీ ఫిల్లరుగా మస్టరు పడ్డది. పైన ఎవని కులం వానిది, బాయి దిగినంక అందరి మొఖం నల్లగనే ఉంటదని నవ్వేటోడు. మొఖం కడుక్కున్నంక సంగతి మాత్రం చెప్పేటోడు కాదు.

మా మేనమామ సుత నాయిన వెనకనే వచ్చి బాయిలో చేరిండు. ఆయనకు పాటలంటే పిచ్చి. కొన్నాళ్లకు పైస పైస కూడబెట్టి ట్రాన్సిస్టరు కొన్నడు. ఆ రోజుల్లో రేడియో ఉన్నోళ్లు పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టాలె. అదీ కట్టి, దసరాకు ఊరికి పోయేటప్పుడు భుజానికి తగిలించుకొని పోయిండు. ఊరి నడుమ పోతుంటే రేడియో పాడుతనే ఉన్నది. దొర పిలిపించిండు. కొట్టలేదు, తిట్టలేదు. "అరుగు మీద పెట్టిపోరా" అన్నడు. మామ పెట్టి వచ్చిండు. మూడు దినాలు ఆ రేడియో దొర అరుగు మీద పాడింది. మామ వాడలో కూసోని దూరంకెళ్లి విన్నడు. నాలుగో దినం బ్యాటరీలు అయిపోయినంక తీసుకపొమ్మని కబురొచ్చింది. ఈ ముచ్చట మా అమ్మ చెప్పినప్పుడల్లా నవ్వుతనే చెప్పేది. మామ మాత్రం ఆ రేడియో మళ్లీ ఊరికి తీసుకపోలేదు. చచ్చేదాకా పాట విన్నా సప్పుడు తగ్గించుకొనే విన్నడు.

రుద్రంపూర్‌లో మాకు కంపెనీ క్వార్టరు వచ్చింది. అందులో నాయిన డప్పు గోడకు మేకు కొట్టి తగిలించి ఉండేది. దాన్ని ముట్టుకునేటోడు కాదు, పారేసేటోడు కాదు. చుట్టాలొస్తే మా అమ్మ దాని మీద తువ్వాల కప్పేది. నేను బడి నుంచి దోస్తులను తీసుకొస్తే నేనూ కప్పేదాన్ని. ఇది సుత రాయాలె.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. అప్పుడు నాకు పదమూడేండ్లు. క్వార్టర్ల లైన్లలో గుంపులుగా నిలబడి మాట్లాడుకునేటోళ్లు. నాయిన ఎప్పుడూ లేనిది పేపరు కొనుక్కొచ్చి నాతో చదివించుకునేటోడు. ఆరేండ్లకు 1991 ఏప్రిల్ 14 వచ్చింది. అంబేద్కర్ పుట్టి నూరేండ్లు. మా లైను పిలగాండ్లు పందిరేసి, ఫొటో పెట్టి, నాయిన దగ్గరికొచ్చి డప్పు కావాలన్నరు. నాయిన గోడ దిక్కు చాలాసేపు చూసిండు. "ఎవని పీనుగకు గాదు గదా" అన్నడు. కాదన్నరు. మేకు నుంచి దింపి, గడ్డి మంట పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి కాచిండు. ఏండ్ల తరబడి మెత్తబడ్డ తోలు బిగిసి, ఏలితో కొడితే కంగుమన్నది. ఆ దినం నాయినతో పాటు ఇంకో నలుగురు కొట్టిండ్రు.

పక్క క్వార్టరు పెద్దనాయిన దీపావళి బోనసుతో టూ-ఇన్-వన్ కొనుక్కున్నడు. సభల దాన్ని బల్ల మీద పెట్టి, అరవై నిమిషాల క్యాసెట్టు ఏసి, ఎర్ర బటను నొక్కిండు. కరెంటు లేదు. ఆరు పెద్ద బ్యాటరీల మీద నడిపిండు. మొదటి దిక్కంతా నాయినోళ్ల దరువు. రెండో దిక్కు ఆడోళ్లు నాట్ల పాటలు పాడిండ్రు. ముందు పాడింది మా అమ్మ. మా అమ్మ గొంతు ఈ భూమ్మీద మిగిలి ఉన్నది ఆ ఒక్క క్యాసెట్లోనే. 1998లో ఆమె పోయింది.

ఆ సభ జరిగిన నాలుగు నెలలకు, ఆగస్టు 6న, చుండూరు. నాయిన డప్పు మళ్లీ మేకు మీదికి ఎక్కలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలై, డప్పే జెండా అయినంక, మా ఇంట్ల తువ్వాల కప్పుడు సుత బందయింది. పేరు చివర మాదిగ అని రాసుకునేటోళ్లు మా ఇంటికొచ్చి అన్నం తినిపోయేటోళ్లు. అయినా డిగ్రీలో, బీఎడ్‌లో నన్ను ఎవరన్నా 'మీరేంటోళ్లు' అని అడిగితే నేను 'ఎస్సీ' అని ఊరుకునేదాన్ని. కాయితం మీద రాసే మాట అది. ఇంట్ల మాట బయటికి రాకపోయేది.

క్యాసెట్టును ఎన్నిసార్లు విన్నమో లెక్కలేదు. విన్నప్పుడల్లా నాయిన ఒకటే మాట. "గిది నా దరువు గాదే. ఎవరో నన్ను ఉరికిస్తుండ్రు." మేం నవ్వేటోళ్లం. "నువ్వు ముసలోడివైనవ్ నాయినా, అప్పుడు పడుచోడివి" అనేటోడు తమ్ముడు. 1996లో టేపు మిషనుకు చుట్టుకొని నలిగింది. పెన్సిలు పెట్టి తిప్పి, తెగిన కాడ అతికిచ్చి, మళ్లీ నడిపినం. టేపు మీద ఉన్నది సన్నటి ఇనుప తుప్పు లాంటి పొర. విన్నకొద్దీ అరుగుతది, గాలికి తేమకు రాలుతది. వినాలనే ఆశ ఒక దిక్కు, వింటే పోతదనే భయం ఒక దిక్కు. అమ్మ పోయినంక దాన్ని బిస్కెట్ డబ్బాల పెట్టి మూత బిగించినం.

2002లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. టేకులపల్లి దిక్కు కోయోళ్ల ఊర్లో బడి. మొదటి రెండేండ్లు అప్రెంటిస్ పేరుతో చేతికొచ్చేది అరకొరే. ఆ ఏడే నాయిన రిటైరయి క్వార్టరు ఖాళీ చేసినం. రామవరంలో రెండు రూములు ఏసుకున్నం. 2004లో పూర్తి జీతం అందుకున్న నెల, తమ్మునితో అన్న. "అమ్మ పాట ఇంట్ల వినబడాలె. క్యాసెట్టు అరిగేలోపు సీడీ చేయిద్దాం, సీడీ ఆడే మిషను కొందాం. అంతా కలిసి నాలుగు వేలు దాటొద్దు."

పెండ్లి వీడియోలు తీసే స్టూడియో ఒకటి ఉంది. అక్కడ కంప్యూటరు ముందు కూసున్న పిలగాడు క్యాసెట్టు పెట్టి, "ఇదేంటిది మేడం?" అన్నడు. "జానపద గీతాలు" అన్న. "ఎవరు పాడింది?" "తెల్వదు, స్కూలుకు కావాలె" అన్న. తమ్ముడు నా దిక్కు చూసిండు. బయటికొచ్చినంక ఒక్క మాట సుత అనలేదు. అననందుకే ఎక్కువ గుచ్చుకుంది.

సీడీ వచ్చింది. వెనక నీలం పచ్చ కలిసిన రంగు. రెండు ట్రాకులు, ఒకటి దరువు, ఒకటి పాటలు. ఇక మిషను కోసం తిరుగుడు మొదలైంది. ఆ నెల రోజుల్లో నేర్చుకున్నది చెబుతున్న. మిషన్లు మారినా లెక్క మారలేదు గనుక ఇప్పటికీ పనికొస్తది.

మొదట మెయిన్ రోడ్డు మీది పెద్ద షాపుకు పోయినం. అద్దాల వెనక మూడు సీడీలు ఒక్కసారే పట్టే మ్యూజిక్ సిస్టం, రంగురంగుల లైట్లు. తొమ్మిది వేలు. కొనేది నేను, పైసలు నావి. షాపాయన మాత్రం తమ్మునితోనే మాట్లాడుతుండు. ఏ బాయి, ఏ లైను, నాయిన పేరేంది అని మెల్లగ కూపీ లాగుతుండు. సినిమా సీడీ పెట్టి, బాస్ అని రాసున్న బటను నొక్కితే షాపంతా దద్దరిల్లింది. బాగనే ఉంది అనుకున్న. మా సీడీ తీసి ఇచ్చిన. నాయిన చిర్ర దెబ్బ పడ్డదో లేదో షాపాయన చెయ్యి బటను మీదికి పోయింది. "మేడం, పొద్దుగాల బోణీ సుత కాలే. చావు డప్పు పెడితే ఎట్ల?" అని ఆపేసిండు. "ఎక్కడిది ఇది?" అన్నడు.

"స్కూల్ పిల్లలది" అన్న.

రెండోసారి. నా నోటితో నేనే మా నాయినను కాదన్న. సీడీ చీరకొంగుతో తుడిచి కవర్ల పెట్టుకొని మెట్లు దిగిన. చేతులు వణుకుతున్నయి. షాపాయన మీద కోపం రెండు దినాలల్ల పోయింది. నా మీద కోపం పోలేదు.

ఆ షాపుల ఒక సంగతి మాత్రం పట్టుకున్న. ఆ తొమ్మిది వేల మిషను సినిమా పాటను మోగించినట్టు నాయిన డప్పును మోగించలేదు. ఉన్న కొద్ది క్షణాల్లోనే ప్రతి దెబ్బ బానల నీళ్లు తొణికినట్టు బుడబుడమన్నది. డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతి చిర్ర కొడితే లోతైన దెబ్బ. ఎడమచేతి చిటికెన పుల్ల కొడితే సన్నటి, పదునైన దెబ్బ. రెండూ విడివిడిగ వినబడితేనే దరువు. బాస్ బటను నొక్కితే చిర్ర ఉబ్బి చిటికెన పుల్లను మింగేస్తది. ఆ బటను తీసేసి వినాలె. తీసేసినంక చప్పగ ఉంటే ఆ స్పీకర్లలో సరుకు లేనట్టు.

తర్వాత చేతిలో పట్టే సీడీ ప్లేయరు చూసినం. ధర అందుబాట్లనే ఉంది. అయితే అది చెవులకు పెట్టుకునే తీగలతో ఒక్కరు వినేది. మా నాయినకు అప్పటికే వయసు మీద పడి చెవులు మందగించినయి. ఆ తీగలు పెడితే ఆయనకు చిటికెన పుల్ల కీచుమనుడు తప్ప ఏం వినబడలేదు. పైగా మా ఇంట్ల ఎవరూ ఒంటరిగ పాట విన్న అలవాటు లేదు. అది వద్దనుకున్నం.

మూడోది హైదరాబాద్ ఎర్రగడ్డ. ఆదివారం సంతలో పాత సామాన్లు గుట్టలు పోసి అమ్ముతరు. ట్రైనింగు పని మీద పోయినప్పుడు తమ్ముని తోలుకొని పోయిన. ఒకాయన గోనెపట్టా మీద జపాన్ సీడీ ప్లేయరు పెట్టుకొని కూసున్నడు. ఇనుప డబ్బా, మోస్తే చేతులు లాగేంత బరువు. 1980ల నాటిది. పన్నెండు వందలు చెప్పిండు. ఆయన దగ్గరున్న కంపెనీ సీడీ పెడితే అద్దం లాంటి పలుకు. ఒక్కో వాయిద్యం ఎక్కడ కూసోని వాయిస్తున్నరో చూపిచ్చినట్టే ఉంది. తమ్ముని కండ్లు మెరిసినయి. మా సీడీ పెట్టినం. మిషను లోపల సీడీ కొంచెం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ముంగట అద్దంల రెండు ఇంగ్లీషు మాటలు వెలిగినయి. 'నో డిస్క్.'

తీసి తుడిచి మళ్లీ పెట్టినం. నో డిస్క్. సీడీ లోపలనే ఉంది. మా నాయిన, మా అమ్మ లోపలనే ఉన్నరు. మిషను మాత్రం ఏం లేదంటుంది.

పక్కన సోల్డరింగ్ పెట్టుకున్న ముసలి మెకానిక్ నవ్వి ఇడమర్చి చెప్పిండు. సీడీని ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి తయారుచేసి 1982లో బయటికి తెచ్చినయి. కంపెనీ సీడీలను అచ్చుల పోసి గుంటలు ఒత్తి చేస్తరు. వెనక అల్యూమినియం పూత ఉంటది. లేజర్ కాంతి పడితే బాగ తిరిగి కొడతది. మనం ఇంట్ల, స్టూడియోల రాసుకునే సీడీ అట్ల కాదు. అందులో రంగు పొర ఉంటది, లేజర్‌తో దాన్ని కాల్చి రాస్తరు. అది కాంతిని అంత గట్టిగ తిప్పికొట్టదు. చెరిపి మళ్లీ రాసుకునే రకమైతే ఇంకా మసక. ఇసొంటి సీడీలు రాకముందు తయారైన మిషన్లలో కొన్ని వీటిని గుర్తుపట్టయి. "మిషన్‌ల తప్పు లేదు, మీ సీడీల తప్పు లేదు. అది పుట్టిన కాలంల ఇట్లాంటిది లేదు" అన్నడు.

మెకానిక్ మాటల కుట్ర లేదు, నాకు తెలుసు. అయినా తిరుగు బస్సుల నాకు నిద్ర పట్టలేదు. అంత గొప్ప మిషను, అంత మంచి పలుకు, అచ్చుల పోసిన పాటకే. చేత్తో రాసుకున్న మా పాటకు లేదు. బుక్కుల్లోకెక్కిన పాట, కచేరీలెక్కిన పాట ఎవరివో, కంపెనీ సీడీలైంది ఎవరి సంగీతమో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆఖరుకు కొన్నది వీసీడీ ప్లేయరు. కొత్తగూడెంలనే, బస్టాండు దిక్కు చిన్న కొట్టుల. పద్నాలుగు వందలు. పల్చటి రేకు డబ్బా, ఏ ఊర్ల బిగించిండ్రో తెల్వదు. సినిమాలు చూడటానికి జనం కొనేది. కంపెనీ సీడీ పెట్టినం, ఆడింది. గీతలు పడ్డది పెట్టినం, ఆడింది. ఎంపీత్రీ పాటలు నూరుకు పైగా ఎక్కించిన సీడీ పెట్టినం, ఆడింది. మా సీడీ పెట్టినం. నాయిన చిర్ర పలికింది. ఆ కొట్టాయన తల ఊపుతూ కౌంటరు మీద ఏళ్లతో దరువు ఏసిండు. ఏంటిది, ఎవరిది అని అడగలేదు. ఆయన అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెల్వదు.

వీసీడీ ప్లేయరుకు టీవీ కావాలంటరు. అది బొమ్మకు. పాటకు అక్కరలేదు. వెనక మూడు రంధ్రాలుంటయి. పసుపుది బొమ్మకు, ఎరుపు తెలుపు సప్పుడుకు. ఆ ఎరుపు, తెలుపు తీగలను యాంప్లిఫయరుకు పెడితే చాలు. టీవీ డబ్బాలోని చిన్న స్పీకర్ల దాకా పోవద్దు. మూడంగుళాల స్పీకర్ల చిటికెన పుల్ల ఉంటది గని చిర్ర ఉండదు. తమ్ముడు ఐటీఐల ఎలక్ట్రీషియన్ చదివిండు. తొమ్మిది వందలకు పాత యాంప్లిఫయరు తెచ్చి బాగుచేసిండు. ఎనిమిదంగుళాల కాగితపు కోను స్పీకర్లు రెండు కొని, వడ్ల చుట్టంతో గట్టి చెక్క పెట్టెలు చేయించిండు. ఖర్చంతా మూడు వేల తొమ్మిది వందలు. నాలుగు వేలల్ల నూరు మిగిలింది. ఆ నూటితో మాంసం తెచ్చినం.

ఆ రాత్రి నాయినను పెట్టె ముంగట కూసోబెట్టినం. బటను నొక్కిన. నాయిన ముందుకు వంగి, అరచెయ్యి పెట్టె చెక్క మీద పెట్టిండు. చెవి కన్నా చెయ్యే ఎక్కువ విన్నది. కాసేపటికి తలకాయ అడ్డంగ ఊపిండు. "గట్టిగనే ఉంది బిడ్డా. నా డప్పే. గని దరువు నాది గాదు. ఎవరో నన్ను ఉరికిస్తుండ్రు."

పదమూడేండ్లుగ అంటున్న మాటే. ఈసారి నేను నవ్వలేదు. రెండో ట్రాకు పెట్టిన. అమ్మ గొంతు. ఆ పెద్ద స్పీకర్ల వింటే అప్పుడు తట్టింది. అమ్మ గొంతు సన్నగ, చిన్నపిల్ల గొంతోలె ఉంది. మా అమ్మది బొంగురు గొంతు. లైను ఈ కొసకు నిలబడి పిలిస్తే ఆ కొసకు వినబడే గొంతు. చిన్న టూ-ఇన్-వన్ల విని విని మేం దాన్నే అమ్మ గొంతనుకున్నం.

తమ్ముడు రాత్రంతా ఆలోచించి పొద్దున చెప్పిండు. "అక్కా, ఆ దినం కరెంటు లేదు. బ్యాటరీల మీద నడిచింది." క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలె. బ్యాటరీలు నీరసపడితే మోటరు మెల్లగ తిరుగుతది, టేపు మెల్లగ నడుస్తది. మెల్లగ నడుస్తున్న టేపు మీద రికార్డయిన పాటను తర్వాత మంచి కరెంటు మీద సరిగ్గ నడిపితే పాట ఉరుకుతది, గొంతు సన్నబడుతది. అంటే నాయిన మొదటి దినం నుంచి నిజమే చెప్పిండు. డిగ్రీలు చదివిన మేం పదమూడేండ్లు ఆయనను చూసి నవ్వినం.

మళ్లీ స్టూడియోకు పోయినం. ఈసారి నాయినను ఎంబడి తీసుకొని పోయినం. పంచె కట్టుకొని, భుజాన తువ్వాల, గడప కాడ చెప్పులు ఇడిచిండు. కంప్యూటరుల పాట వేగం తగ్గించొచ్చు, దానితో పాటు గొంతు దిగుతది అని ఆ పిలగాడు చెప్పిండు. "ఎంత తగ్గించాల్నో నాకెట్ల తెలుస్తది మేడం? దీనికి కొలతేంది?"

"మా నాయినే కొలత" అన్న. "కొట్టింది ఆయనే. రెండో దిక్కు పాడింది మా అమ్మ. మేం మాదిగోళ్లం."

ఆ పిలగాడు ఒక్క గడియ నా మొఖం చూసిండు. ఏమనుకున్నడో నాకు తెల్వదు. లేచి, తాను కూసున్న కుర్చీ నాయిన దిక్కు జరిపిండు. నాయిన కూసోడానికి జంకితే తమ్ముడు భుజం పట్టి కూసోబెట్టిండు. పిలగాడు కొంచెం తగ్గించి వినిపిస్తడు. నాయిన మోకాలి మీద రెండు చేతులతో దరువేసి, "ఇంకొంచెం" అంటడు. ఇంకొంచెం తగ్గిస్తడు. "ఎక్కువైంది, గిది పీనుగ నడక" అంటడు. పెంచుతడు. "ఆఁ... ఆగు." చేతులు, దరువు ఒక్కటైనయి. నాయిన కండ్లు మూసుకొని కొట్టుకుంట పోయిండు. అట్ల ఎంతసేపో. పిలగాడు ఆ అంకె కాయితం మీద రాసుకున్నడు.

రెండో దిక్కుకు అదే అంకె సరిపోలేదు. అప్పటికి బ్యాటరీలు ఇంకా దిగినయి కదా, ఇంకా తగ్గించాల్సి వచ్చింది. ఇక్కడ నాయిన దరువుతో పని లేదు. "మీ అమ్మ గొంతు, మీరే చెప్పుండ్రి" అన్నడు. నేను, తమ్ముడు నిలబడి విన్నం. ఒక్కో మెట్టు దిగుతుంటే చిన్నపిల్ల పెద్దదయితుంది. ఒక కాడికి వచ్చేసరికి తమ్ముడు గోడ దిక్కు తిరిగిండు. నేను "చాలు" అన్న. ఆ బొంగురు గొంతు. ఆరేండ్ల తర్వాత మా అమ్మ మాట్లాడినట్టే ఉంది. పిలగాడు పైసలు సగమే తీసుకున్నడు. మేం అడగలేదు.

ఆ తర్వాత ఏడేండ్లు నాయిన ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి విన్నడు. బడి పిల్లలను పండుగకు ఇంటికి తోలుకొచ్చినప్పుడు ఆ పెట్టె మీద డప్పు వినిపించిన. వాళ్లు రేల పాటలు పాడిండ్రు, తమ్ముడు వాటిని రికార్డు చేసిండు. ఈసారి కరెంటు మీద. 2011లో నాయిన పోయిండు. ఆయన పీనుగ ముంగట ఈ సీడీ పెడదామా అని ఎవరో అన్నరు. వద్దన్న. డప్పుల వాళ్లు వచ్చిండ్రు, పిలిచి, మర్యాద చేసి, పైసలిచ్చి పంపినం. ఆయన దరువు ఆయన పీనుగకు కొట్టించుకోవడం ఆయనకు నచ్చేది కాదు.

ఇప్పుడు సీడీ ప్లేయర్లు షాపుల్లో కనబడుడే తక్కువ. ఫోన్లల్ల పాటలొచ్చినయి. మా వీసీడీ ప్లేయరు కన్ను 2013లో మసకబారింది. బదులు ఐదు వందలకు పాత డీవీడీ ప్లేయరు తెచ్చినం. అది అన్ని రకాల సీడీలను చదువుతది. తక్కువ పైసల్లో సీడీ వినాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదే. కొత్తదాని కోసం వేలు పొయ్యకండి, పాత డీవీడీ ప్లేయర్లు ఇండ్లల్ల మూలకు పడి ఉన్నయి. ఎరుపు తెలుపు రంధ్రాలు ఉన్నయా చూడండి. పళ్లెం బయటికి లోపలికి ఆగకుండ జరుగుతుందా చూడండి. సీడీ చివరి పాట పెట్టి ఆగకుండ ఆడుతుందా వినండి. మిగిలిన పైసలు స్పీకర్ల మీద పెట్టండి. అన్నిటికన్నా ముందు, షాపోడు పెట్టే సీడీ విని కొనకండి. మీ సీడీ మీరు పట్టుకపోండి. దాన్ని చదవని మిషను ఎంత గొప్పదైనా మీకెందుకు?

ఇంట్ల అమ్మమ్మ పాడుతుంటే, తాత దరువేస్తుంటే ఇయ్యాలే రికార్డు చేసుకోండి. ఫోన్ల చాలు. తర్వాత రెండు మూడు చోట్ల దాచుకోండి. రాసుకున్న సీడీ ఎప్పటికీ ఉండదు, ఎండకు రంగు పొర చెడిపోతది. మేం మూడు కాపీలు చేసినం, కంప్యూటర్ల ఒకటి, పెన్‌డ్రైవుల ఒకటి పెట్టినం. అసలు క్యాసెట్టు ఇంకా బిస్కెట్ డబ్బాలనే ఉంది. రికార్డు చేసింది వాళ్లకే వినిపించి, సరిగ్గ ఉన్నదా అని అడగండి. వాళ్లు కాదంటే నవ్వకండి.

ఏటా ఏప్రిల్ 14న రామవరంలో మా గల్లీ పిల్లలు పెట్టెలు గడప బయట పెడతరు. దోవల పోయేటోళ్లు ఆగి, ఎవరు కొట్టిండ్రు అని అడుగుతరు. నేను ముందు పేరు చెబుత, తర్వాత కులం చెబుత, ఏ బాయిల పనిచేసిండో చెబుత. అప్పుడు బటను నొక్కుత.